మసి లేని గది

మిట్ట మీద బండివాడు ఎద్దుల్ని నిలేసి, "అదేనండి నర్సీపట్నం," అన్నాడు.

రామనాథం గూడుబండిలోంచి తల బయటపెట్టి చూశాడు. ఊరు కనబడలేదు. బండి ఆగినచోట లేత ఎండ కాస్తోంది. ఎదురుగా కొండల తలలు కడిగిపెట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి. ఆ కొండలకీ ఈ మిట్టకీ నడుమనున్న పల్లం మాత్రం తెల్లగా, కాస్త బూడిదరంగుగా, అంచులదాకా మజ్జిగ పోసిన గిన్నెలా నిండిపోయి ఉంది. దాని అడుగున ఒక ఊరు ఉందంటే బండివాడి మాట మీద నమ్మాల్సిందే.

"ఎక్కడయ్యా?"

"ఆ పొగమంచు కిందన ఉన్నాదండి. పుష్యమాసం కదండి మరి. ఎండెక్కితేగాని తేలదు."

రామనాథం గడియారం తీసి చూశాడు. ఏడు దాటింది. బండి దిగి మిట్ట చివరిదాకా నడిచి వెళ్లి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్క ఇంటికప్పు గాని, ఒక్క తాటితల గాని కంటికి ఆనలేదు. వచ్చి మళ్లీ బండెక్కాడు.

అతను విశాఖపట్నం గూఢచారి శాఖలో ఇన్‌స్పెక్టరు. యాభై ఏళ్లు. పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. ఏ ఊరు వెళ్లినా తోటి ఉద్యోగులు ముందు అక్కడి భోజనం సంగతి అడిగితే, అతను గాలి సంగతి అడుగుతాడు. బండి పల్లంలోకి దిగడం మొదలుపెట్టగానే ఎండ ఆరిపోయింది. ఇంకొంచెం దిగేసరికి మాడిన బెల్లప్పాకం వాసన, కాలుతున్న చెరుకు పిప్పి వాసన కలిసి గొంతుకి పట్టుకున్నాయి. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మిగతా దారంతా కళ్లు మూసుకుని లోపలికీ బయటికీ ఊపిరి లాగుతూ కూర్చున్నాడు.

పోలీసు స్టేషనులో సర్కిల్ ఇన్‌స్పెక్టరు మన్మథరావు లేచి కుర్చీ చూపించాడు. నున్నగా దువ్విన తల, మెరిసే బూట్లు. పితూరీ రోజుల్లో మన్యంలో తిరుగుబాటుదార్ల వెంట తిరిగి పేరు తెచ్చుకున్నవాడు. తన సర్కిల్లోకి ఇంకొక ఇన్‌స్పెక్టరుని పంపడం అతనికి సుతరామూ నచ్చలేదని కూర్చోమన్న తీరులోనే తెలుస్తోంది.

"మీరింత చలిలో శ్రమపడి రావలసింది కాదు రామనాథం గారూ. ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం విశాఖపట్నం పంపించేస్తున్నాను."

"పంపే ముందు నాకు కాస్త చెప్పండి."

మన్మథరావు చెప్పాడు. చెప్పడంలో అతనికి తడబాటు లేదు. నాలుగు రోజుల కిందట యాజులు గారనే డాక్టరు తన ఇంట్లో, పడమటి గదిలో, మంచం మీద చచ్చిపోయి కనబడ్డాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉండేది విధవరాలైన అక్కగారు వర్ధనమ్మ, కాంపౌండరు దేవుళ్లు. ఒంటిమీద దెబ్బ లేదు. ఊపిరాడక పోయాడని అనకాపల్లి సర్జను తేల్చాడు. ఇంటికి పడమట గెడ్డ, అంటే చిన్న వాగు, దాని అవతల భీమన్న అనే రైతు బెల్లం వండే పొయ్యి. చలికాలం వచ్చిందంటే ఆ పొగ తిన్నగా డాక్టరు ఇంటిమీదికే దిగుతుంది. పొయ్యి అక్కణ్నుంచి ఎత్తించమని డాక్టరు తాలూకా కచేరీలో అర్జీ పెట్టాడు. అది తెలిసి భీమన్న సంతలో, పదిమంది ఎదుట, 'నా పొగలోనే చస్తావు' అని అరిచాడు.

"అన్నాడు, అన్నంత పనీ చేశాడు," అన్నాడు మన్మథరావు. "పొయ్యినిండా తడి పిప్పి కూరాడు. పొగంతా కిటికీలోంచి గదిలోకి కొట్టింది. కళ్లారా చూసిన సాక్షి కూడా ఉన్నాడు."

"ఎవరు?"

"సోమసుందరం. వర్ధనమ్మ గారి మరిది కొడుకు. మద్రాసులో లా చదువుతున్నాడు. దొడ్డమ్మని చూడ్డానికని ఆ పొద్దున్నే బండి మీద వస్తూ, మీరిప్పుడు దిగి వచ్చారే, ఆ మిట్ట మీంచి చూశాడు. సూర్యోదయం వేళ. భీమన్న పొయ్యిలోంచి నల్లటి పొగ లేచి, తెరిచున్న పడమటి కిటికీలోకి తాడు పేనినట్టు పోతోందట. చదువుకున్న కుర్రాడు. కోర్టులో బెదరడు."

"ఆ మిట్ట మీంచేనా?"

"ఆ మిట్ట మీంచే. ఏం?"

"ఏం లేదు. భీమన్నతో ఒకసారి మాట్లాడతాను."

లాకప్‌లో భీమన్న గోడకి జేరబడి ఉన్నాడు. మోచేతులదాకా పాకం చింది కాలిన మచ్చలు. ఇన్‌స్పెక్టరుని చూసి లేచాడుగాని దణ్ణం పెట్టడానికి చేతులు కలపలేకపోయాడు. ఒక చేతి సంకెళ్లు గోడలోని కొక్కేనికి తగిలించి ఉన్నాయి.

"నా పొగలో చస్తావని అన్నావా?"

"అన్నాను బావూ. సంతలో అన్నాను. కోపంలో నోటికొచ్చిందేటో అనీసినాను. మాట నాదే."

"ఆ రాత్రి పొయ్యిలో తడి పిప్పి ఎందుకు వేశావు?"

భీమన్న అతనికేసి జాలిగా చూశాడు. "తడి పిప్పి ఎవుడేస్తాడు బావూ? మంట నేకపోతే పాకం సెడిపోదేటి? అయినా ఆ రాత్రి పొయ్యే నేదు. పొద్దుగూకినాక పెనం దింపీసి ఆర్పీసినాం. మళ్లా ముట్టించింది కోడి కూసినాకే."

"సాక్షి నీ పొగ డాక్టరు గారి ఇంట్లోకి పోవడం చూశానంటున్నాడు."

"పోతాది బావూ. రోజూ పోతాది. కొండ మీంచి దిగిన గాలి ముందుగాల మా పాక మీంచి, ఆ తరవాత మా పొయ్యి మీంచి, ఆ తరవాతే డాక్టరు బాబు ఇంటి మీంచి ఎల్తాది. పొగ నాను సేసిందే, కాదనను. గాలి నాను సెయ్యనేదు."

"పాకలో ఎవరుంటారు?"

"నా ఆడది, ముగ్గురు గుంటలు. దగ్గుతారు. ఈ నాలుగు నెలలూ దగ్గుతానే ఉంటారు. బావూ, నన్ను అంత దూరం తోలీసినారంటే ఆళ్లు ఏటైపోతారు? పెనం మీద సెయ్యెయ్యడం దానికి తెల్దు."

రామనాథం అతని కాలిన చేతులకేసి ఒకసారి చూశాడు. బయటికొచ్చి, మన్మథరావుతో కలిసి డాక్టరు ఇంటికి నడిచాడు.

దారిలో మన్మథరావే కదిపాడు. "వాడి గోడు విన్నారుగా. ఖూనీ చేసిన ప్రతివాడికీ పెళ్లాం పిల్లలు ఉంటారు."

"మన్మథరావు గారూ, నిన్న అనకాపల్లిలో ఆగి సర్జను గారిని కలిశాను. ఊపిరాడక పోయాడన్నది నిజమే. కానీ ఆయన ఇంకోమాట అన్నారు. ముక్కులో, గొంతులో మసి చుక్కయినా లేదట. పెదాలు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా ఉన్నాయట. యాజులు గారికి తాంబూలం అలవాటుందా?"

"లేదు."

"పొగకి పోయినవాడి ముక్కులో మసి ఉండాలా అక్కర్లేదా?"

"పొగంటే అన్నీ ఒకలాంటివే కావు," అన్నాడు మన్మథరావు విసుగ్గా. "మీరు సముద్రపు ఒడ్డునుంచి వచ్చారు. మీకు రోజూ గాలే గాలి. మా ఊరి చలికాలం సంగతి మీకేం తెలుసు? ఏటా ఈ నెలలో ఎంతమంది ముసలాళ్లని మోస్తామో అడగండి."

"తెలియకనే అడుగుతున్నాను. డాక్టరు ఇంటికన్నా భీమన్న పాక పొయ్యికి దగ్గర. పొగ ముందు దాన్ని దాటాలి. అక్కడ ముగ్గురు పసివాళ్లు బతికి ఉన్నారు. ఇక్కడ దుక్కలాంటి మనిషి పోయాడు. అది ఏ రకం పొగ?"

మన్మథరావు బూటుతో ఒక గులకరాయిని పక్కకి తన్నాడు.

కాంపౌండరు దేవుళ్లు తలుపు తీశాడు. ముప్ఫై ఏళ్ల మనిషి, మెడకి మఫ్లరు, ఊరందరిలాగే దగ్గు. పడమటి గది తలుపు తెరిచి పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

"మొదట చూసింది నువ్వేనా?"

"నానేనండి. రోజూ తెల్లారగట్ల లెగిసీ బాబుగారు ఆ పొద్దు లెగనేదు. పిలిసినాను. పలకనేదు. తలుపు తోసినాను. లోపల గడియ ఏసి ఉన్నాది. బుజం పెట్టి గుద్దీసినానండి. గడియ ఊడి తలుపు తెరుసుకున్నాది. సూస్తే మరేటి, అయిపోనారు."

రామనాథం తలుపు వెనక్కి వెళ్లి గడియ చూశాడు. ఇత్తడి గడియ నిటారుగా ఉంది. అది దూరే కొక్కెం ద్వారబంధానికి బిగించి ఉంది. దాని మేకుల తలల మీద పాత సున్నం పూత పగలకుండా అలాగే ఉంది. అతను వేలితో ఒకసారి తడిమి, తలుపు మళ్లీ గోడవైపు నెట్టేశాడు.

గది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, పడమటి గోడకి ఒక కిటికీ. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. రెక్కల సందుల్లో, చుట్టూ అంచుల వెంబడీ, గంజితో అంటించిన కాగితం ముక్కలు. కాగితాలు ఎండి పసుపుపచ్చగా మారాయి. ఒక్కటీ చిరగలేదు.

"ఇవి ఎప్పుడు అంటించారు?"

"సెరుకు గానుగలు మొదలెట్టిన్నాడేనండి. ఏటా అంటిస్తారు. మళ్లా ఉగాది ఎల్లినాకే తీయడం."

"మన్మథరావు గారూ, మీ సాక్షి ఈ కిటికీ తెరిచి ఉందన్నాడు కదూ?"

మన్మథరావు దగ్గరికి వచ్చి కాగితం అంచు గోటితో గీకాడు. అది గట్టిగా పట్టుకుని ఉంది. "దూరం నుంచి చూశాడు. పొరబడి ఉండొచ్చు," అన్నాడుగాని, ఆ మాటలో స్టేషనులో ఉన్నంత ధాటీ లేదు.

రామనాథం బయటికి వెళ్లి కిటికీ చూరుకింద రుమాలుతో తుడిచాడు. రుమాలు నూనెలో ముంచినట్టు నల్లగా అయింది. లోపలికి వచ్చి కిటికీ పక్క గోడని, మంచం తలాపిని, బల్లని ఇంకో కొసతో తుడిచాడు. కాస్త సున్నం తప్ప ఏమీ అంటలేదు. రుమాలు రెండు కొసలూ మన్మథరావు ముందు పట్టుకున్నాడు.

"పొగ బయటే ఆగిపోయింది. మనిషి లోపల పోయాడు."

తరువాత మోకాళ్లమీద వంగి గచ్చునేల చూశాడు. ఎప్పుడూ నున్నగా తుడిచే గచ్చు. మంచం కాళ్లవైపు, తలుపుకి దగ్గరలో, పళ్లెమంత మేర నునుపు చచ్చి తెల్లగా పొక్కింది. వేడి వస్తువేదో చాలాసేపు ఉంటేగాని గచ్చు అలా పొక్కదు.

"ఇంట్లో కుంపటి ఉందా?"

"వంటింట్లో ఉన్నాదండి," అన్నాడు దేవుళ్లు. "బాబుగారు గదిలోకి రానిచ్చీవోరు కాదు. మూసిన గదిలో బొగ్గులు పెట్టుకుంటే సచ్చిపోతారని రోగులందరికీ సెప్పీవోరు." అంటూనే దగ్గు తెర వచ్చి మొహం తిప్పుకున్నాడు.

వర్ధనమ్మ తూర్పు గదిలో మంచం మీద మూడు దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. అరవై దగ్గరపడిన మనిషి. ఊపిరి లాగినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. రామనాథానికి ఆ చప్పుడు తెలుసు. తనూ ఒకసారి అలాగే ఊపిరి లాగి పీట మీద కూర్చోగానే, ఆవిడ మొహంలో బిగువు కాస్త సడలింది.

"నీకూ ఉందా నాయనా ఈ మాయదారి రోగం?"

"ఉందమ్మా. ఈ ఊళ్లో ఇంకా ఎక్కువైంది. మీరెలా వేగుతున్నారు?"

"గదులు మారుతూ," అంది ఆవిడ. "వేసవి అంతా ఆ పడమటి గది నాది. రాత్రిపూట కొండమీంచి చల్లగాలి వస్తుంది. ప్రాణం లేచొస్తుంది. గానుగలు మొదలెట్టారంటే అదే గాలి పొగ మోసుకొస్తుంది. అప్పుడు తమ్ముడు నన్నిక్కడికి తోలి, తనక్కడ పడుకుంటాడు. పడుకునేవాడు." ఆవిడ దిండు సర్దుకుంది. "ఏటా అంతే. కొత్తేమీ కాదు."

"ఆ రాత్రి ఏమైనా విన్నారా?"

"దగ్గుతో మెలకువ వచ్చింది. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడయింది. పొద్దున్న దేవుళ్లుతో అంటే పిల్లి అన్నాడు. పిల్లి గడియ తీస్తుందా? ఆ గోలలో ఇంకెవరికీ చెప్పలేదు."

"దేవుళ్లు మంచివాడేనా?"

"చేతివాటం మనిషి. క్వినైన్‌లో పిండి కలిపి జ్వరాలవాళ్లకి పోస్తున్నాడని తమ్ముడికి తెలిసింది. మన్యం జ్వరాలు, మందులో మందు లేకపోతే మనిషి దక్కుతాడా? ఇద్దరు పోయారట. కచేరీలో చెప్పేస్తానని తమ్ముడు వాణ్ని కేకలేశాడు. కాళ్లు పట్టుకుని ఏడిచాడు. ఇప్పుడు నాకు వేళకి మందిస్తున్నది వాడే, పాపం."

"మీ మరిది కొడుకు?"

"సోమసుందరమా? బంగారం. మావారు పోయాక ఆయన గొలుగొండ భూమి నా కాలం వరకు నాది, నా తరవాత వాడిది. నేను మాత్రం రథసప్తమికి మా ఇంకో తోడికోడలి మనవణ్ని దత్తు చేసుకుంటున్నాను. వాడికి కోపం వస్తుందనుకున్నాను. ఏమీ అనలేదు. నేనంటే వాడికి ఎంత ప్రేమో తమ్ముడు పోయిన రోజే తెలిసింది నాయనా. తమ్ముణ్ని హాల్లో పడుకోబెట్టి దుప్పటి కప్పాం. నేను వంటింటి గుమ్మంలో కూలబడి ఉన్నాను. వీడు వీధిలోంచి తిన్నగా వచ్చి, 'దొడ్డమ్మా' అని ఆ శవం మీద పడి ఏడ్చాడు. 'నేనిక్కడున్నానురా' అంటే తల తిప్పి చూసి, నోట మాట రాక అలా నిలబడిపోయాడు."

గుమ్మం దగ్గర నిలబడిన మన్మథరావు ఈ మాటకి తలెత్తాడు. రామనాథం లేచాడు. "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా," అన్నాడు.

హాల్లో సోమసుందరం వాళ్ల కోసం కాచుకుని ఉన్నాడు. తెల్లటి లాల్చీ, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, మాటలో తొందర లేని తీరు. రామనాథం ఎదురుగా కూర్చుని ఉమ్మెత్తాకు చుట్ట వెలిగించుకున్నాడు. ఉబ్బసానికి అతని మందు అదే.

"మిట్ట మీంచి చూసింది ఇంకొకసారి చెప్పండి."

సోమసుందరం చెప్పాడు. ఒక్క మాట మారలేదు. సూర్యోదయం, నల్లటి పొగ, తెరిచిన కిటికీ.

"మీరీ ఊరు ఎన్నిసార్లు వచ్చారు?"

"చిన్నప్పటినుంచీ. ప్రతి వేసవి సెలవలకీ."

"చలికాలంలో?"

"ఇదే మొదలు. కాలేజీ ఉంటుంది కదండీ."

"వేసవిలో ఆ మిట్ట మీంచి ఊరు బాగా కనబడుతుందా?"

"అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఇంటి పెంకులు కూడా లెక్కపెట్టొచ్చు."

"నిజమే. వేసవిలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగని మోసుకుపోతుంది. చలికాలం రాత్రి అలా కాదు. నేల చల్లబడుతుంది, కొండల మీది గాలీ చల్లబడి బరువెక్కుతుంది, నీళ్లలా పల్లంలోకి జారుతుంది. ఈ ఊరికి చుట్టూ కొండలు, మిట్టలు. గిన్నెలో పోసినట్టు ఆ చలిగాలి ఇక్కడే నిలబడిపోతుంది. పైన వెచ్చటి గాలి మూత వేసినట్టు కూర్చుంటుంది. పొయ్యిల పొగ, మంచు అన్నీ ఆ మూత కింద. ఎండెక్కితేగాని అది లేవదు. ఈ పొద్దున్న సూర్యుడు వచ్చాక నేను ఆ మిట్ట మీద నిలబడ్డాను. కిటికీ మాట అలా ఉంచండి, ఊరే కనబడలేదు."

సోమసుందరం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజు మంచు తక్కువ ఉండొచ్చు."

"ఉండొచ్చు. మన్మథరావు గారూ, మీరు ఊళ్లోనే ఉన్నారు. ఆ పొద్దున్న ఎలా ఉంది?"

మన్మథరావు గర్విష్ఠేగాని అబద్ధాలకోరు కాదు. "కబురు వచ్చాక లాంతరు పట్టుకుని ఈ ఇంటికి వచ్చాను," అన్నాడు. "తెల్లారాక కూడా. ఎదుటి మనిషి కనబడలేదు."

"మీ సాక్షి ఆ పొద్దున్న మిట్ట మీద లేనే లేడు, వేసవి చూసి చలికాలానికి సాక్ష్యం చెప్పాడు. కిటికీ కూడా వేసవి కిటికీయే. ఈ కాలంలో దాన్ని కాగితాలతో మూసేస్తారని ఆయనకి తెలియదు. తెలియనిది ఇంకొకటి ఉంది." రామనాథం సోమసుందరం వైపు తిరిగాడు. "దుప్పటి కప్పిన శవాన్ని చూసి దొడ్డమ్మా అని ఎందుకేడ్చారు?"

"ఆవిడకి ఉబ్బసం. చలికాలం. పోతే ఆవిడే పోయి ఉంటుందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు."

"ఎవరైనా ముందు 'ఎవరు పోయారు' అని అడుగుతారు. గుమ్మంలో ఇంతమంది ఉన్నారు. మీరు ఒక్కర్నీ అడగలేదు. మీకు అడగక్కర్లేదు. ఎందుకంటే పడమటి గదిలో పడుకునేది దొడ్డమ్మ అని మీకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆవిడ రథసప్తమి దాకా బతికితే గొలుగొండ భూమి దత్తపుత్రుడిది. ఆ లోపల పోతే మీది. లా చదివే మీకు నేను చెప్పాలా?"

రామనాథం చుట్ట పీల్చి పొగ వదిలాడు.

"ముందు రాత్రే పెరటి దారిన వచ్చి, చీకట్లో కుంపటి తెచ్చి పెట్టారు. ముసుగు తన్ని పడుకున్న మనిషిని చూశారు. మొహం చూడలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. బొగ్గులకి పొగ ఉండదు, మసి ఉండదు. సందులన్నీ మూసిన గదిలో వాటి విషవాయువే చాలు, పెదాలు అలా ఎర్రబారేదీ దానికే. చంపవలసిన మనిషి బతికింది. ఆవిడని ఈ ఊరి చలికాలం కాపాడింది."

"రుజువు చెయ్యండి," అన్నాడు సోమసుందరం.

"చేస్తాను. మీరు ఒంటరిగా చెయ్యలేదు. పెరటి తలుపు లోపలినుంచి ఎవరో తీశారు. కుంపటి రాజేసి ఇచ్చారు. పొద్దున్నే దాన్ని తీసేసి, గడియ వేసి ఉందని మాకు చెప్పారు. ఆ కొక్కెం మీది పాత సున్నం కూడా రాలలేదు. బద్దలుకొట్టిన గడియ అలా ఉండదు. ఇప్పుడు చెప్పండి. మీకు తలుపు తీసినవాడికి ఈ ఇంట్లో ఏ కాలంలో ఎవరు ఎక్కడ పడుకుంటారో తెలియదా?"

సోమసుందరం కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న అతను నాలుగు రోజులుగా తనకి తాను వేసుకుంటున్నదే. మావయ్య శవాన్ని చూసిన క్షణం నుంచీ జవాబు దొరకనిది.

"దేవుళ్లుని అడిగాను," అన్నాడు. ఇక అతని మాటలో చదువూ లేదు, తీరూ లేదు. "తలుపు దగ్గర అడిగాను. దొడ్డమ్మ ఈ గదిలోనేనా అని. 'ఇందులోనే బాబూ, నిద్దరోతున్నాది, బేగి కానియ్యి' అన్నాడు. నాకు మావయ్య మీద ఏ పగా లేదు. నాకు చదువు చెప్పించింది ఆయనే."

మన్మథరావు లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. తలుపు దగ్గర ఉన్న కానిస్టేబులుతో, "భీమన్న సంకెళ్లు తియ్యమని స్టేషనుకి కబురు పంపు," అన్నాడు. తరువాత రామనాథం వైపు తిరిగి, "వీడు ఒకర్ని చంపాలని వచ్చాడు. వాడు ఇంకొకర్ని చంపించుకున్నాడు," అన్నాడు.

"క్వినైన్ సంగతి బయటపడకుండా. వీడి చేత్తోనే," అన్నాడు రామనాథం. అంటూనే ఆగిపోయాడు. చుట్ట కింద పడేశాడు.

"దేవుళ్లు ఎక్కడ?"

"ఇందాకే తూరుపు గదిలోకి ఎళ్లినాడండి," అన్నాడు కానిస్టేబులు. "అమ్మగారికి మందేళ అయ్యిందని గ్లాసు అట్టుకెళ్లినాడు."

క్వినైన్‌లో పిండి కలిపాడని తెలిసిన రెండో మనిషి ఆవిడే. పెరటి గడియ చప్పుడు విన్నదీ ఆవిడే. ఆ రెండూ తనకి చెబుతున్నంతసేపూ పెరటివైపు తలుపు అవతల దగ్గు వినబడుతూనే ఉందని రామనాథానికి ఇప్పుడు గుర్తొచ్చింది. అది ఎవరి దగ్గో అతను పట్టించుకోలేదు. ఈ ఊళ్లో అందరూ దగ్గుతారు.

ఉబ్బసం మనిషి పరుగెత్తకూడదు. అతను పరుగెత్తాడు. నడవా దాటేసరికి ఛాతీ బిగుసుకుపోయింది. తూర్పు గది తలుపు తోసి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

వర్ధనమ్మ మంచం మీద కూర్చునే ఉంది. చేతిలో గ్లాసు. గ్లాసునిండా మందు. ఎదురుగా పెరట్లోకి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద మఫ్లరు పడి ఉంది.

"తాగారా?" అన్నాడు రామనాథం ఎలాగో.

"ఇంకా లేదు నాయనా. వాడే నాకన్నా ఎక్కువ దగ్గుతున్నాడు పాపం. 'ఇది దగ్గుకే కదరా, ముందు నువ్వో గుటక పైనుంచి పోసుకుని నాకియ్యి' అని గ్లాసు వాడి నోటిదాకా పెట్టాను. దానివంక అలా చూసి, మొహం పాలిపోయి, పెరట్లోంచి పరుగు పుచ్చుకున్నాడు." ఆవిడ గ్లాసు వెలుగులోకి ఎత్తి చూసింది. "రోజూ ఊరందరికీ పోసేవాడికి మందంటే అంత భయమేమిటి నాయనా?"